హనీ అసలు పేరేంది?

ఆర్మూరులో జనవరి నుంచి మార్చి దాకా పసుపు కాలం. జూన్‌లో పెట్టిన దుంప తొమ్మిది నెలలకు తవ్వకానికొస్తుంది. తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం అన్నీ ఈ మూడు నెలల్లోనే. మా కాలేజీ ఊరి చివర, పొలాలకు ఆనుకుని ఉంటుంది. కిటికీలు మూసినా ఉడుకుతున్న పసుపు వాసన క్లాసులోకి వచ్చేస్తుంది. ఈ రోజుల్లో సగం మంది ఆడపిల్లలు క్లాసుకు రారు. కూలీలు దొరకని ఇంట్లో చదువుకునే ఆడపిల్లే మొదటి కూలి.

అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం, వచ్చిన పదకొండు మందిని కూర్చోబెట్టుకుని సిలబస్‌లో లేని నాటకం ఒకటి చదువుతున్నాం. ఎడ్వర్డ్ ఆల్బీ 1962లో రాసి ఆడించిన 'హూ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్?'. పేజీ చదవడం, దాన్ని తెలుగులో చెప్పుకోవడం, మళ్ళీ పేజీ. ఒక ప్రొఫెసరు, అతని భార్య మార్తా. అర్ధరాత్రి దాటాక వాళ్ళింటికి తాగడానికి వచ్చిన కుర్ర జంట, నిక్, హనీ. రెండో అంకం సగానికొచ్చేసరికి వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది.

"మేడమ్, గామె అసలు పేరేంది?"

"హనీ" అన్నాను.

"అది వాళ్ళాయన పిలిచే పేరు గద మేడమ్. అసలు పేరు?"

నేను పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాను. ఈ నాటకం నేను ఎం.ఏ.లో చదివాను. దాని మీద పరీక్షలో పదహారు మార్కుల వ్యాసం రాశాను. హనీది బలహీనమైన పాత్ర అనీ, మార్తా రాక్షసత్వాన్ని ఎత్తి చూపడానికి రచయిత పెట్టుకున్న నీడ అనీ ఆ వ్యాసంలో రాసిన గుర్తు. ఆమెకు పేరు లేదన్న సంగతి మాత్రం నా కంటికి ఎన్నడూ ఆనలేదు. నిజానికి నాటకంలో నిక్‌ను కూడా ఎవరూ పేరు పెట్టి పిలవరు. కానీ పాత్రల జాబితాలో అతనికంటూ ఒక పేరుంది. ఆమెకు అక్కడ కూడా మొగుడు పిలిచే ముద్దుమాటే. 1966లో సినిమా తీసినప్పుడు ఆ పాత్ర వేసిన శాండీ డెన్నిస్‌కు సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. బహుమతి వచ్చిన పాత్రకు కూడా అసలు పేరేమిటో లోకానికి తెలియదు.

ఆ పిల్ల ప్రశ్నతో మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివితే నాటకం ఇంకోలా కనబడింది. హనీ తండ్రి మతబోధకుడు, డబ్బు బాగా కూడబెట్టినవాడు. కడుపు వచ్చిందనుకుని నిక్ ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత అది కడుపు కాదని తేలింది. ఈ కథంతా అతను పరాయి మగవాడికి తాగిన మైకంలో చెప్పేస్తాడు. ఆ మగవాడు దాన్నొక వినోదంగా మార్చి ఆమె ముందే విప్పుతాడు. బిడ్డను కనడమంటే ఆమెకు భయం, మొగుడికి తెలియకుండా కడుపు రాకుండా చూసుకుంటోంది. ఆ రహస్యమూ ఆమె నోటితో కాదు, ఇంకొకడి ఊహతోనే బయటికొస్తుంది. అతిథులుగా వచ్చిన ఇంట్లో ఆమె కథ ఆమెకు తప్ప అందరికీ ఆడుకునే వస్తువయింది. ఇంత జరుగుతున్నప్పుడు ఆమె స్నానాలగదిలో చల్లటి గచ్చు మీద పడుకుని బ్రాందీ సీసా మీది చీటీని గోళ్ళతో పీకుతూ ఉంటుంది. విమర్శకులు ఆ చీటీ పీకడం గురించి చాలా రాశారు: భ్రమలు ఒలవడం, చర్మం కింద ఎముక దాకా పోవడం వగైరా. నాకిప్పుడనిపిస్తోంది, ఒంటి మీద అతికించిన చీటీ తప్ప వేరే పేరు లేని మనిషి ఇంకేం పీకుతుంది?

ఆ రాత్రి ఇంటికొచ్చి నిఘంటువులు ముందేసుకున్నాను. ఇంగ్లీషులో ఈ మాట పాత రూపం 'హునిగ్'. జర్మన్‌లో 'హోనిగ్', స్వీడిష్‌లో 'హోనుంగ్', అన్నీ అక్కచెల్లెళ్ళే. మన 'మధు' శబ్దానికి చుట్టం కూడా ఇంగ్లీషులో ఉంది, 'మీడ్'. అయితే అది తేనెతో కాచిన సారాకు పేరుగా మిగిలి, తేనె మాత్రం 'హనీ' అయింది. ఈ 'హనీ'కి మొదటి అర్థం తీపి కాదు, రంగు అని చాలామంది నిఘంటుకారుల అభిప్రాయం. పసుపుపచ్చనిది, బంగారు వన్నెది అని. సంస్కృతంలో దీనికి చుట్టమని వాళ్ళు చూపించే మాట 'కాంచనం'.

మనుషుల్ని 'హనీ' అని పిలవడం పద్నాలుగో శతాబ్దం నుంచే కనబడుతుంది. ఆ శతాబ్దం చివర చాసర్ రాసిన మిల్లరు కథలో ఒక షోకిల్లా గుమాస్తా అర్ధరాత్రి పరాయివాడి భార్య కిటికీ కింద నిలబడి ఆమెను తేనెపట్టు అనీ, దాల్చినచెక్క అనీ పిలుస్తూ ముద్దు అడుగుతాడు. చీకట్లో ఆమె మూతికి బదులు తన వెనక భాగాన్ని కిటికీలోంచి బయటపెడుతుంది. అతగాడు దానికే ముద్దు పెట్టుకుంటాడు. ఈ కథ చెబితే మా పిల్లలు ఐదు నిమిషాలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఇంగ్లీషు సాహిత్యంలో తేనెమాటకు ఒక ఆడది ఇచ్చిన ఇంత సూటి జవాబు ఇంకోటి నాకు గుర్తురాదు. 'హనీమూన్' సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, 1552లో అచ్చయిన హ్యూలోయెట్ నిఘంటువు దాన్ని కొత్త దంపతుల తొలి ప్రేమ అని చెబుతూనే అది త్వరలో తరిగిపోయేదని కూడా చెబుతుంది. అందులో చంద్రుడున్నది వెన్నెల కోసం కాదు, క్షీణించడం కోసం. ఇక మన తెలుగు పత్రికల్లో ఈ మధ్య 'హనీ' ఎక్కువగా కనబడేది 'హనీట్రాప్' వార్తల్లోనే. 'వలపు వల' అని శీర్షిక పెడతారు. వల విసిరిన ముఠాలో నలుగురు మగవాళ్ళున్నా ఫొటో మాత్రం ఆడమనిషిదే.

తరువాతి శనివారం పిల్లలకు ఒక పని ఇచ్చాను. నాటకంలో ఒక పేజీని తెలుగు చేయమన్నాను. 'హనీ' దగ్గర అందరూ ఆగిపోయారు. ఒకమ్మాయి 'తేనె' అని రాసి తనే కొట్టేసింది. "తేనే, ఇటు రా అంటే దగ్గు మందు తాగమన్నట్టున్నది మేడమ్" అంది. నిజమే, మా ఇళ్ళలో తేనె అంటే పసుపు కలిపి పిల్లలకు దగ్గుకు నాకించే మందు. తెలుగులో తేనె పెదవుల మీద ఉంటుంది, పలుకుల్లో ఉంటుంది, భాషలో ఊరుతుంది గానీ దాంతో మనిషిని పిలవం. చివరికి ఎక్కువమంది ఒప్పుకున్న మాట 'బంగారం'. వాళ్ళు సినిమాల్లోంచీ సెల్‌ఫోన్లలోంచీ తెచ్చుకున్న మాట అది. కాంచనం సంగతి వాళ్ళకు నేనింకా చెప్పలేదు. తెలియకుండానే మాట వేరు దాకా వెళ్ళారు. ఒక్క అమ్మాయి మాత్రం ఎంత చెప్పినా వినకుండా 'బిడ్డా' అని రాసింది. అది తప్పని ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. ఆ సున్నా గురించి మళ్ళీ చెబుతాను.

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక సదస్సులో తెలంగాణ స్త్రీల కథల మీద పత్రం చదివాను. నాలుగు నెలలు కూర్చుని రాసిన పత్రం. అందులో ఇద్దరు పెద్ద విమర్శకులతో విభేదించాను కూడా. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన లేచి, "అమ్మాయి గొంతు తేనె. వింటూ ఉండిపోయాం" అన్నారు. అంతే. హాలంతా చప్పట్లు. నా తర్వాత చదివిన మగ మిత్రుడి పత్రం మీద మాత్రం ముప్పావు గంట చర్చ జరిగింది. ఆయన నన్ను అవమానించారని ఎవరితో చెప్పినా నవ్వుతారు. మెచ్చుకున్నాడు కదా అంటారు. నేనూ ఆరోజు నవ్వాను, నమస్కారం పెట్టాను. అంతటితో పోలేదు. భోజనాల దగ్గర ఇంకొకాయన వచ్చి, "తెలంగాణ వాళ్ళయినా మీ తెలుగు తియ్యగా ఉందే" అన్నారు. తేనె అగునది కాబట్టి తెనుగు అని ఒక వ్యుత్పత్తి మనవాళ్ళు ముచ్చటపడి చెప్పుకుంటుంటారు. మా నాయనమ్మ మాట్లాడిన తెలుగు ఎన్నడూ ఆ తేనె లెక్కలోకి రాలేదు. వేదిక మీద నేను ఆమె భాషను మింగేసి మాట్లాడాను కాబట్టి నాది తేనె అయింది. ఏ పలుకు తియ్యనిదో, ఏ నోరు కటువైనదో నిర్ణయించే అధికారం ఒకరి దగ్గరుంటుంది. తీపి అన్నది ఆ అధికారం ఇచ్చే బహుమతి. వాదనకు జవాబు చెప్పకుండా పంపించేయడానికి అంతకన్నా మర్యాదైన దారి లేదు. హనీ ఆ నాటకంలో ఏం మాట్లాడినా ఎవరూ జవాబివ్వకపోవడం నాకు ఇప్పుడు బాగా అర్థమవుతుంది.

మా పిల్లలకిచ్చిన రెండో పని సులువైందే అనుకున్నాను. ఒక రోజంతా మీ ఇంట్లో అమ్మను ఎవరెవరు ఏమని పిలుస్తున్నారో రాసుకు రండి అన్నాను. వచ్చిన కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ఇగో. ఏయ్. ఏమే. వినవడ్తలేదా. పెద్దోని పెండ్లాం. ఫలానా వాళ్ళమ్మ. పొలం దగ్గర మేస్త్రీ లెక్క చూసుకునేటప్పుడు 'మూడో సాలు ఆమె'. ఒకమ్మాయి తండ్రి దుబాయిలో ఉంటాడు. ఆర్మూరు చుట్టుపక్కల గల్ఫ్‌కు పోని ఊరు లేదు. "బాపు ఫోన్ల బంగారం అంటడు మేడమ్. దుబాయి పోయినంకనే మొదలువెట్టిండు. సెలవుల ఇంటికొస్తే మల్ల ఏయ్ అనే" అని రాసింది. అవతలివైపు ఉన్నప్పుడు బంగారం, చేతికందేటప్పుడు ఏయ్. దీని మీద ఇంతకు మించి వ్యాఖ్య నేను చేయలేను. పదకొండు కాగితాల్లో అమ్మ పేరు ఉన్నవి మూడు. ఆ మూడూ బ్యాంకు వాళ్ళో, అంగన్‌వాడీ వాళ్ళో పిలిచినవి.

వెనక బెంచీ అమ్మాయి కాగితం వేరుగా ఉంది. అమ్మ లేదు, నాయనమ్మ పెంచింది. నాయనమ్మను ఊరంతా 'అవ్వ' అంటుంది. పేరు ఏమిటో ఆ పిల్లకు తెలియదు. అడిగితే ముసలామె సిగ్గుపడి, "ఇప్పుడెందుకే" అందట. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. పీఎఫ్ పుస్తకంలో ఒక పేరు, ఆధార్ కార్డులో ఇంకో పేరు, పుట్టింటివాళ్ళు పెట్టింది మూడో పేరు. కార్ఖానాలో చేరినప్పుడు గుమాస్తా తోచింది రాసుకున్నాడు. ఆ తేడా వల్ల పింఛను కాగితాలు రెండేళ్ళుగా తిరుగుతున్నాయి. "గామె అసలు పేరేంది" అన్న ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. నేను సాహిత్య ప్రశ్న అనుకున్నాను. ఆ పిల్లకది కచేరీ చుట్టూ తిరిగే పని.

పసుపుకైతే మన వైద్యగ్రంథాల్లో పేర్లకు కొదవలేదు. పదహారో శతాబ్దపు భావమిశ్రుడి నిఘంటువు చూడండి. హరిద్ర, పీత, కాంచని. అవును, అదే కాంచనం, 'హనీ'కి చుట్టంగా చూపించే మాటే పసుపుకూ పేరు. ఇంకా ముందుకెళ్తే యోషిత్ప్రియ, అంటే ఆడవాళ్ళకు ఇష్టమైనది. ఆ తర్వాత హట్టవిలాసిని. హట్టమంటే అంగడి, ఇది అంగడి విలాసిని. సంస్కృత నిఘంటువుల్లో ఆ మాటకు వేశ్య అన్న అర్థం కూడా ఉంది. పసుపు అంగడి ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగి, ఆ పేరు నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. పుస్తెలతాడుకు రాసేదీ అదే, అంగట్లో నిలబడ్డ ఆడదాని పేరూ అదే. పుట్టింటివాళ్ళు ఆడపిల్లకిచ్చే భూమిని 'పసుపు కుంకుమ కింద ఇచ్చాం' అంటారు. ఆస్తి అని కాకుండా ముద్దుపేరుతో ఇస్తే హక్కు అడిగే నోరు లేవదు. మొగుడు పోయిన ఆడమనిషికి పేరంటంలో పసుపు పెట్టరు. కానీ ఫిబ్రవరిలో మా ఊరి కళ్ళాల మీదికి రండి. కొమ్ములూ మండలూ వేరు చేసే ఆడవాళ్ళలో సగం మంది అలాంటివాళ్ళే. మోచేతుల దాకా పసుపు. కడిగినా వారం రోజులు పోదు. కూలికి పిలిచేటప్పుడు ఎవరూ ముత్తైదువా కాదా అని అడగరు. 2019 ఎన్నికల్లో పసుపు ధర కోసం, బోర్డు కోసం నూటడెబ్బై మందికి పైగా రైతులు నిజామాబాద్ లోక్‌సభకు పేర్లిచ్చారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. దేశమంతా మా జిల్లా వైపు చూసింది. బోర్డు 2025లో వచ్చింది. పేరు ఇవ్వడం ఎంత బలమైన పనో మా జిల్లాకు తెలుసు. రైతు అన్నప్పుడు ఎవరి పేరు గుర్తొస్తుందన్నది మాత్రం మేం ఇంకా తేల్చుకోలేదు.

ఇక ఆ ఎర్ర సున్నా. సెలవుల్లో జోరా నీల్ హర్‌స్టన్ 1937 నాటి నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' మళ్ళీ చదివాను. బానిసత్వంలో పుట్టిన ముసలి అమ్మమ్మ, పదహారేళ్ళ మనవరాలు జేనీ. లోకంలో బరువు ఎవరి మీంచి ఎవరి మీదికి దిగుతుందో, చివరికి నల్ల ఆడదాని వీపు మీద ఎలా ఆగుతుందో ఆ ముసలామె పిల్లకు చెబుతుంది. ఆ మాట మొదలుపెట్టేటప్పుడు మనవరాలిని ఆమె పిలిచే పిలుపు 'హనీ'. అక్కడ 'బంగారం' అని పెడితే నవల చచ్చిపోతుంది. 'బిడ్డా' తప్ప ఇంకో మాట లేదు. ఆ ముసలామె చెప్పిన దానితో జేనీ తర్వాత కోపం తెచ్చుకుంటుంది, ముసలామె భయం తన బతుకును ఇరుకు చేసిందంటుంది. అది వేరే చర్చ. కానీ ఆ పిలుపులో మనిషిని చిన్నది చేసే పని లేదు. నల్లజాతి స్త్రీల నోళ్ళలో ఈ మాటకు వేరే చరిత్ర ఉంది. బెర్నీస్ జాన్సన్ రీగన్ 1973లో కట్టిన పాటల బృందానికి 'స్వీట్ హనీ ఇన్ ద రాక్' అని పేరు పెట్టుకుంది. రాతిలోంచి వచ్చే తేనె. ఒకరు పెట్టింది కాదు, వాళ్ళు పెట్టుకున్నది.

అదే స్త్రీలు తెల్లవాళ్ళ నోట ఏమని పిలిపించుకోవలసి వచ్చిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ళకు మిస్, మిసెస్ అనే గౌరవం ఉండేది కాదు. ఉత్త పేరు, లేదంటే ఇంకేదో పిలుపు. 1963లో అలబామాలోని గాడ్స్‌డెన్‌లో పౌరహక్కుల కార్యకర్త మేరీ హామిల్టన్‌ను కోర్టులో ప్రభుత్వ వకీలు 'మేరీ' అని పిలిచాడు. తనను మిస్ హామిల్టన్ అని పిలిచేదాకా జవాబు చెప్పనంది ఆమె. కోర్టు ధిక్కారం కింద జైలు, జరిమానా వేశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ఆల్బీ నాటకం బ్రాడ్‌వేలో ఆడుతున్న రోజుల్లోనే ఇది జరిగింది. ఒకచోట పేరులేని తెల్ల భార్య, ఇంకోచోట తనకు దక్కవలసిన పిలుపు కోసం జైలుకెళ్ళిన నల్ల ఆడమనిషి. ఈ ఇద్దరినీ 'స్త్రీ' అనే ఒకే మాట కింద కట్టేయడం నాకు కుదరదు. హనీకి డబ్బుంది, ఇల్లుంది, మొగుడికి ఉద్యోగముంది. కోల్పోయింది పేరొక్కటే. ఆ కోల్పోవడం కూడా ఆమెకు ముద్దుగానే జరిగింది. మేరీ హామిల్టన్‌కు అలాంటి ముద్దు కూడా ఎవరూ చూపలేదు.

కాలేజీ తెరిచాక 'బిడ్డా' అని రాసిన అమ్మాయి కాగితం వెతికి తీసి, ఎర్ర సున్నా పక్కన 'నాదే పొరపాటు' అని రాసిచ్చాను. ఆల్బీ పేజీకి ఇప్పటికీ ఆ మాట సరిపోదని కూడా చెప్పాను. మాట ఒకటే, పిలిచేవాళ్ళు వేరు అని చెప్పబోతుంటే, "తెలుసు మేడమ్, మా అవ్వ బిడ్డా అంటే ఒకటి, మేస్త్రీ బిడ్డా అంటే ఒకటి" అంది.

వెనక బెంచీ అమ్మాయి అనువాదాన్ని కాలేజీ పత్రికకు తీసుకున్నాం. మొదట్లో పాత్రల జాబితా ఉంటుంది కదా. ప్రొఫెసరు పేరు రాసింది, మార్తా పేరు రాసింది, నిక్ పేరు రాసింది. నాలుగో వరసలో పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, పక్కన 'ఇరవై ఆరేండ్లామె' అని రాసింది. డి.టి.పి. చేసే అబ్బాయి అచ్చుతప్పనుకుని ఆ ఖాళీని పూడ్చి, 'నిక్ భార్య' అని కొట్టాడు. ప్రూఫులో దాన్ని కొట్టేసి, మళ్ళీ ఖాళీ పెట్టించడానికి మూడుసార్లు ఫోను చేయాల్సి వచ్చింది. నాయనమ్మ పింఛను కాగితం మాత్రం ఇంకా తేలలేదు. మూడు పేర్లూ ఒక మనిషివేనని అఫిడవిట్ కావాలట. దాని మీద సాక్షి సంతకం నేను పెట్టాను. ఆమె పుట్టింటి పేరు నాకు తెలుసు ఇప్పుడు. ఇక్కడ రాయను, అది ఆమెది.